సబ్ఖా మీద లింగన్న కాళ్ళు

మొన్న శుక్రవారం హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఉప్పు చెరువు చూపించడానికి తీసుకెళ్ళాను. ఇప్పుడు నా బతుకుతెరువు అదే. దుబాయ్‌లోని సత్వాలో ఉంటాను, ఏడుగురు పట్టే వ్యాను నడుపుతాను, ఇసుక చూస్తామన్నవాళ్ళకి ఇసుక, ఒంటెలు చూస్తామన్నవాళ్ళకి ఒంటెలు చూపిస్తాను. ఈమధ్య అందరికీ ఉప్పు పిచ్చి పట్టుకుంది. అబుదాబి దాటాక ఎడారిలో ఒకచోట నీలం నీళ్ళ గుంట ఉంది, అందులో ఉప్పు పుట్టగొడుగుల్లా పొంగి ఉంటుంది. ఎవరో ఫోటోలు పెట్టారు, ఇంక జనం ఎగబడ్డారు. ఆ కుటుంబపు పెద్దాయన గట్టు దిగి, తెల్లటి పొర అంచున నిలబడి, ఒక కాలు గాల్లో పెట్టి నా వైపు తిరిగాడు. “భయ్యా, ఇది ఆగుతదా? దీని మీద నడవొచ్చా?” అని అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. ఆయన ఇంకోసారి అడిగాడు. “వెనక్కి రా సామీ, రా అంటుంటే!” అని నేను అరిచిన అరుపుకి అవతల ఫోటోలు దిగుతున్న తెల్లదొరలు కూడా తిరిగి చూశారు. పెద్దాయన బిత్తరపోయి వెనక్కి వచ్చాడు, ఆయన భార్య మొహం చిన్నబోయింది. సాయంత్రానికి, డ్రైవరు మొరటు మనిషి అని మా కంపెనీ పేజీలో రాసిపెట్టారు. తప్పేం రాయలేదు. నా వయసు ముప్పై మూడు, ఈ వయసుకే జ్ఞాపకాలు రాస్తున్నాడేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నే నన్ను ఇంతకుముందు ఒకరు అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబు ఆరేళ్ళుగా నన్ను తింటోంది.

మాది నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు. పేరు మస్తాన్ గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా తాతముత్తాతలు చేసింది ఉప్పు పని. కయ్యలోకి సముద్రపు నీళ్ళు పెట్టి గట్టున కూర్చుంటే ఉప్పు తేలుతుందని చాలామంది అనుకుంటారు. అలా తేలేదైతే మా నాయన మోకాళ్ళు అంత తొందరగా అరిగేవి కావు. చలి తగ్గగానే కయ్య అడుగున బురదని తొక్కాలి. ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, మడమలతో తొక్కుతారు. నీళ్ళు కిందికి ఇంకిపోకుండా అడుగు బండబారే దాకా రోజుల తరబడి అదే పని. మా అవ్వ దిగి ఒక్క అడుగు వేసి, “ఇంకా పచ్చిగా ఉండాదిరా, తొక్కండి” అనేది. మళ్ళీ తొక్కేవాళ్ళం. ఎండలు ముదిరాక ఆ అడుగు మీద ఉప్పు తెల్లగా పేరుకుంటే, ఇంక గంపలు నెత్తిన పెట్టుకుని దాని మీద పరుగెత్తేవాళ్ళం. తెల్లబడిందంటే గట్టిపడిందని అర్థం. బడిలో నాకేదీ సరిగా అబ్బలేదు గానీ, ఈ ఒక్క చదువు మాత్రం కాళ్ళలోంచి ఎక్కింది. దాన్ని చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

దుబాయ్ వచ్చింది బోర్లు వేసే కంపెనీలో పనికి. మొదట కొన్నాళ్ళు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని యార్డులో పైపులు కడిగించారు. తర్వాత పడమటి దిక్కుకి, సౌదీ సరిహద్దు వైపు క్యాంపుకి పంపారు. అక్కడ కొత్త రోడ్డు వెయ్యబోతున్నారు. వేసే ముందు ఆ దారిలో నేల కింద ఏ లోతున ఏముందో బోరు దించి, మట్టి పైకి తీసి, డబ్బాల్లో పెట్టి పంపడం మా పని. ఆ నేలని సబ్ఖా అంటారు. ఎప్పుడో సముద్రం వెనక్కి జరిగిపోగా మిగిలిన ఉప్పు నేల అది. చూపు ఆనినంత మేర చదునే. చెట్టు లేదు, గుట్ట లేదు, నీడ కావాలంటే బండి పక్కన కూలబడాల్సిందే. మూరెడు తవ్వితే నీళ్ళు పడతాయి, వేళ్ళకి నూనెలా జిడ్డుగా తగిలే చిక్కటి ఉప్పునీళ్ళు. ఎండ ఆ నీటిని పైకి గుంజుతుంది. నీరు గాల్లో కలిసిపోతుంది, ఉప్పు పైన మిగులుతుంది. వేల ఏళ్ళుగా అలా మిగిలి మిగిలి పైన ఒక పెంకు కట్టింది. ఆ పెంకు ఎండి, పలకలు పలకలుగా పగిలి, పలకల అంచులు వేయించిన అప్పడంలా లేచి ఉంటాయి. కింద మాత్రం నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు కంపు.

ఆ కంపు మా బట్టల్లో, దుప్పట్లలో, చివరికి మంచినీళ్ళ సీసాలో కూడా ఉండేది. ఉతికి ఆరేసిన చొక్కా అట్టముక్కలా బిర్రబిగుసుకునేది. పొద్దున్నే సముద్రం మీంచి పొగమంచు వచ్చి క్యాంపుని తడిపేది, పది గంటలకల్లా అదంతా ఆరిపోయి గోడల మీద తెల్లగా ఉప్పు పూసేది. తలుపు గొళ్ళేలు నెలకొకటి తుప్పు పట్టి ఊడిపోయేవి. మా గదిలో ఆరు మంచాలు. కిటికీ పక్క కింది మంచం లింగన్నది. ఆ క్యాంపులో గాలి వచ్చే చోటు అదొక్కటే. ఆ మంచం ఆయనకి ఎవరూ కేటాయించలేదు, ఆయన వచ్చేసరికి ఎవరో ఒకరు లేచి ఇచ్చేవాళ్ళు.

లింగన్నది మెట్‌పల్లి దగ్గరి పల్లె. యాభై అయిదు దాటిన మనిషి, అందులో ఇరవై ఏళ్ళు ఈ దేశపు ఉప్పు నేలల మీదే గడిచాయి. బత్తాకా, అంటే గుర్తింపు కార్డు మీద హెల్పర్ అని ఉండేది గానీ, ఆయన చేసే పనికి ఏ కాగితంలోనూ పేరు లేదు. పొద్దున్నే బండ్లు కదలక ముందే చేత్తో ఒక ఇనుప చువ్వ పట్టుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో సబ్ఖా మీదికి నడిచేవాడు. నాలుగు అడుగులు వేసి ఆగేవాడు. చువ్వ దించి చూసేవాడు. మడమతో ఒక పోటు పొడిచి, తల వంచి ఆ చప్పుడు వినేవాడు. బాగుందనుకుంటే ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల అక్కడ పాతేవాడు. ఆ జెండా నుంచి ఈ జెండాకి చూసుకుంటూ వెనక బోరు లారీ, నీళ్ళ ట్యాంకరు, పైపులు మోసే లోడరు బండి, మేం షావల్ అనేది, వచ్చేవి. పఠాన్ డ్రైవరయినా పంజాబీ అయినా లింగన్న జెండా లేని చోట చక్రం దించేవాడు కాదు. షుగర్ వల్ల ఆయన చూపు మందగించింది. రెండు జెండాల అవతల ఉన్నది ఆయనకి మసకే. ఆ సంగతి మా గదిలో అందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలియదు. “కండ్లు కంపెనీకి గావాలె. నాకు కాళ్ళు సాలు” అనేవాడు.

సాయంత్రం ఆయన చేసే పని ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. పనినుంచి రాగానే ముందు టీ కాదు, స్నానం కాదు, బకెట్టులో మంచినీళ్ళు పోసుకుని రెండు కాళ్ళూ అందులో పెట్టి కూర్చునేవాడు. ఉప్పు మొత్తం దిగాక పాత లుంగీతో వేలు వేలు తుడిచి, కొబ్బరినూనె రాసి, పగుళ్ళేమైనా ఉన్నాయేమో ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకునేవాడు. మా అవ్వ చంటిపిల్లలకి నలుగు పెట్టేటప్పుడు అంత నిదానంగా చేసేది. ఆ తర్వాతే మెస్సు వైపు వచ్చేవాడు. శుక్రవారం వంట మాదే. నేను నెల్లూరు పద్ధతిలో మామిడికాయ వేసి చేపల పులుసు పెడితే, “చేపలల్ల మామిడికాయ ఏందిరా? మీ నెల్లూరోళ్ళకు నాలికె ఉన్నదా, లేదా?” అని రెండు సార్లు వడ్డించుకునేవాడు. ఆయన పచ్చిపులుసు చేస్తే నేను, “ఇది పులుసా సామీ, చెయ్యి కడిగిన నీళ్ళా?” అనేవాణ్ణి. మా నాయన తర్వాత నేను చనువుగా మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి చేసిన పాపం కాదు నాది.

వచ్చిన కొత్తలోనే నేను ఆయనకి నా ఉప్పు చదువు వినిపించాను. సబ్ఖాలో ఒకచోట పెంకు గోధుమరంగులో, దుమ్ము పట్టి, అంచులు లేచి అసహ్యంగా ఉంది. పక్కనే ఇంకోచోట పాలుపోసినట్టు తెల్లగా, నున్నగా ఉంది. లింగన్న ఆ మురికి దాని మీద జెండాలు పాతుకుంటూ పోతున్నాడు.

“మా కయ్యల్లో తెల్లంగా ఉంటేనే గట్టి లింగన్నా. బురద రంగుండేది పచ్చిది” అన్నాను.

ఆయన ఆగి, నన్ను చూసి నవ్వాడు. “తెల్లగ మెరిసేది నిన్నగాక మొన్న పుట్టిన పోరడు, తమ్మీ. ఇగో గీ మురికి పట్టి, అంచులు లేసి, ఇసుక నింపుకున్నది సూడు, గిది ముసలిది. ముసలిదే మోస్తది.”

“మా అవ్వ ఒక్క అడుగేసి చెప్పేది అన్నా, ఎక్కడ పచ్చి, ఎక్కడ గట్టి అని.”

“మీ అవ్వ మాట నిజమే. మీ కాడ అడుగును మీరు తొక్కిన్రు. గీడ ఎవడు తొక్కిండు?”

ఆ మాట అక్కడితో అర్థమై ఉంటే ఈ కథే లేదు. నాకు అర్థం కాలేదు, కాదు, అర్థం చేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. తెలంగాణ మెట్టనేలల్లో మక్కలు పండించే మనిషి, సముద్రం ఒడ్డున పుట్టిన నాకు ఉప్పు గురించి చెప్పేదేమిటని మనసులో ఉండేది. పైకి మాత్రం సరేనన్నాను.

తర్వాత కరోనా వచ్చింది. క్యాంపు గేటు మూసేశారు. వారానికోసారి సరుకుల బండి తప్ప బయటి మొహం చూడలేదు. బర్ దుబాయ్‌లో ఫ్లాటుకి పదిమంది చొప్పున ఇరుక్కుని ఉన్న మా ఊరివాళ్ళు ఫోను చేసి, మీరే నయంరా, గాలి ఉండాది అనేవాళ్ళు. గాలి ఉండేది, ఉప్పు గాలి. కంపెనీ మనుషుల్ని తగ్గించడం మొదలుపెట్టింది. మేనేజరుని ముదీర్ అనేవాళ్ళం. ఆయన ఆఫీసు తలుపు మీద పొద్దున్నే ఒక కాగితం అంటించేవాళ్ళు, అందులో పేరున్నవాడు పెట్టె సర్దుకోవాల్సిందే. విమానాలు ఎప్పుడు ఎగిరితే అప్పుడు పోవాలి, ఖలాస్. మేమంతా లేవగానే దేవుడికి దండం పెట్టే ముందు ఆ తలుపు చూసేవాళ్ళం. భయం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో నేను ఆ ఏడాదిలో చూశాను, ముందుగా నాలోనే చూశాను.

పని మాత్రం ఆగలేదు, పైగా తొందర పెరిగింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఉత్తరాది కుర్రాడు, చెడ్డవాడేమీ కాదు, కానీ ముదీర్‌కి లోకువ. పొద్దుపొడిస్తే ఫోన్లో తిట్లు తినేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర తన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ప్రపంచానికి ఆ చివర ఎక్కడో, పన్నెండు వేల అడుగుల ఎత్తున, కొండల నడుమ ఒక ఉప్పు మైదానం. మన జిల్లా అంత ఉంటుందట. వాన పడితే ఆకాశం మొత్తం అందులో దిగినట్టు కనిపిస్తోంది. ఎండిన చోట బస్సులు పోతున్నాయి, ఉప్పు దిమ్మలు కోసి హోటలు కట్టారు. “దేఖో, ఉధర్ బస్ చల్తీ హై. ఔర్ తుమ్హారా లింగన్నా చీంటీ జైసా ఘూమ్‌కే జాతా హై” అన్నాడు. బస్సే పోతోంది అక్కడ, మీవాడు మాత్రం చీమలా చుట్టూ తిరుగుతాడు అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లింగన్న ఆ వీడియోని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, “అక్కడ ఉప్పు ఎంత మందం ఉన్నదో అడుగు సాబ్‌ను” అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ కొండల మీద ఉప్పు కొన్నిచోట్ల నిలువులోతు గట్టిగా ఉంటుందని, మా సబ్ఖాలో వేలెడు మందానికే మురిసిపోవాలని నేను చాలా తర్వాత తెలుసుకున్నాను.

ఆ చలికాలం రెండు రోజులు గట్టి వాన పడింది. సబ్ఖాలో పల్లంగా ఉన్నచోట నీళ్ళు నిలిచాయి. రెండు మూడు వారాలకి అవి ఎండిపోయి, మా దారికి అడ్డంగా పెద్ద తెల్లటి మైదానం తేలింది. నున్నగా, ఒక్క పగులు లేకుండా, అచ్చం ఏప్రిల్ నెలలో మా ఊరి కయ్య. దాన్ని చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. లింగన్న దాని దగ్గరికే పోలేదు. చుట్టూ తిరిగి మురికి పెంకు మీద జెండాలు పాతుకుంటూ అవతలి బోరు దాకా వెళ్ళి అక్కడే కూర్చున్నాడు. అలా తిరిగి రావడానికి బండ్లకి ముప్పావు గంట పడుతుంది. అడ్డంగా పోతే పది నిమిషాలు.

ఇంజనీరు ఫోన్లో తిట్లు తిని మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. “మస్తాన్, నువ్వు ఉప్పు పని చేసే ఇంటివాడివట కదా. యే పక్కా హై క్యా? ఇది ఆగుతుందా, షావల్ పోవచ్చా?” అని అడిగాడు. ఆ క్యాంపులో నన్ను ఒక మనిషిగా లెక్కలో వేసుకుని అడిగిన మొదటి ప్రశ్న అది. నేను చెప్పులు విప్పి ఆ తెల్ల నేల మీద యాభై అడుగులు నడిచాను. మా అవ్వలా మడమతో పొడిచాను. ఎగిరి దూకాను. బండలా ఉంది. వెనక్కి వచ్చి, “పక్కా హై సాబ్” అన్నాను. “అయితే జెండాలు ఇటు మార్చు, యల్లా, తొందరగా” అన్నాడు. లింగన్న పాతిన పదకొండు జెండాలు పీకి, తెల్లదాని మీద వరసగా పాతాను. బండ్లు ఇంకా క్యాంపు దాటలేదు, చూసింది ఇంజనీరు ఒక్కడే. అంత దూరంలో అవి ఆయనకి కనిపించవని నాకు తెలుసు. వచ్చి చూసి మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను. మా కయ్యల మీద తరతరాలుగా నడిచిన బరువంతా మనుషులదేనని, ఎద్దుబండి కూడా గట్టు దిగేది కాదని, ఆ జెండాలు పాతుతున్నంతసేపూ నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

షావల్ సగం దూరం బాగానే పోయింది. ఆ తర్వాత ముందు చక్రాలు ఒక్కసారిగా కుంగాయి. పెంకు విరిగిన చప్పుడు కూడా పెద్దగా రాలేదు. షావల్ నడిపే పఠాన్ వెనక్కి లాగబోయాడు, దాంతో వెనక చక్రాలు కూడా దిగాయి. నల్లటి బురద బుడగలు కక్కుతూ పైకి వచ్చింది. పఠాన్ కేబిన్ పైకెక్కి, తెచ్చిన పైపుల్ని ఒకదాని పక్కన ఒకటి పడేసుకుని, వాటి మీద పాక్కుంటూ బయటపడ్డాడు. ఆయన ప్రాణం దక్కింది, అదొక్కటే దేవుడి దయ. బండి మాత్రం తొందరపడకుండా దిగింది. హారన్ ఎక్కడో ఇరుక్కుని మోగుతూనే ఉంది. సాయంత్రం అస్ర్ నమాజు వేళకి ఆ మోత ఆగిపోయింది, అప్పటికి కేబిన్ కప్పు ఒక్కటే మిగిలింది.

హారన్ విని లింగన్న అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆ దారిలో ఆయనకి ఒక్క జెండా కూడా తగిలి ఉండదు, అన్నీ నేను పీకేశాను. వచ్చి, తెల్ల నేల మొదట్లో ఉన్న జెండా దగ్గర కూర్చుని గుడ్డ ముడి చేత్తో తడిమాడు. ముడి ఆయనదే. పుల్ల ఆయనదే. నేను పీకి పాతానే గానీ ముడి మార్చలేదు కదా. అలాగే కూర్చుని, అరికాళ్ళు రెండూ చేతుల్లోకి తీసుకుని చూసుకున్నాడు.

“నా జెండాలే. పొద్దుగాల ఎటు పోయిన్నో, ఏమో. నా కాళ్ళు నన్ను మోసం జేసినయ్ తమ్మీ” అన్నాడు.

అప్పుడు చెప్పాలి నేను. ఇంజనీరు నా వైపు చూశాడు, నేను ఇంజనీరు వైపు చూశాను. ఇద్దరి కళ్ళలోనూ ఆ తలుపు మీది కాగితమే ఉంది. ఇంజనీరు నేల చూపులు చూశాడు. ఒక్క మాట, ‘నేను మార్చాను అన్నా’ అనే మాట, నాలుక చివర దాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది. పిరికితనానికి సాకులు వెతుక్కోవడం నాకు చేతకాదు, అది పిరికితనమే.

రిపోర్టులో దారి చూపిన మనిషి తప్పు అని రాశారు. లింగన్నే దాని కింద వేలిముద్ర వేశాడు. మూడు రోజుల్లో ఎగరబోయే విమానంలో ఆయనకి సీటు పెట్టారు. ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషిని పంపడానికి వాళ్ళకి మూడు రోజులు పట్టింది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. తిన్నది నేను, తాగింది లింగన్న. మంచం పక్కన నిలబడి నేను ఏడుస్తుంటే, తన కోసం ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరాడు. ఉద్యోగం పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు, ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే కదా అన్నాడు. ఆ సాయంత్రం మాత్రం బకెట్టు ముట్టుకోలేదు. ఉప్పు కాళ్ళతోనే పడుకున్నాడు. అది చూసి గదిలో అయిదుగురమూ తిండి తినలేకపోయాం.

ఆ మూడు రోజులూ ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు నా మీద అసహ్యం వేస్తుంది. తన పని ఇంక నాకే వస్తుందని ముదీర్ చెప్పాడట. పొద్దున్నే నన్ను లేపి సబ్ఖా మీదికి తీసుకెళ్ళి, తనకి తెలిసినదంతా నేర్పాడు. పొగమంచు పడిన రోజు ఎండ ఎంత ఎక్కాక అడుగు వెయ్యాలి, మడమ కింద చప్పుడు బోలుగా వస్తే ఏమిటి, మొద్దుగా వస్తే ఏమిటి, చువ్వ దిగేటప్పుడు ఎక్కడ చెయ్యి బరువు తెలుస్తుంది, మనిషిని మోసిన నేల బండిని ఎందుకు మొయ్యదు, అన్నీ. చెప్పిన ప్రతిదానికీ చివర, “నాకు తెల్వదనుకో. నా కాళ్ళ మీద నాకే నమ్మకం లేదు. నువ్వు సూసుకో” అని కలిపేవాడు. విమానం ఎక్కే రోజు బస్సు దగ్గర నా భుజం పట్టుకుని, “నేను జేసిన తప్పు నువ్వు చెయ్యకు తమ్మీ” అన్నాడు. నేను తలూపాను. ఇంతకన్నా హీనమైన పని నేను నా జన్మలో చెయ్యలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు లింగన్న పని నేనే చేశాను. ఒక్క బండి కూడా దిగబడలేదు. ముదీర్ నన్ను నలుగురి ముందు మెచ్చుకునేవాడు. ఆ మెప్పులో ప్రతి అక్షరమూ లింగన్నదని నాకొక్కడికే తెలుసు. రోడ్డు అయిపోయాక క్యాంపు ఎత్తేశారు, నేను డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుని దుబాయ్ చేరాను. ఇప్పుడు ఆ సబ్ఖా మీద నల్లటి రోడ్డు. ఏసీ వేసుకుని కొన్ని నిమిషాల్లో దాటేస్తారు, పక్కకి తిరిగి చూసేవాడు కూడా ఉండడు. అప్పుడు మేం ముక్కులు మూసుకున్న ఆ ఉప్పుకే ఇప్పుడు జనం చీరలు కట్టుకుని ఫోటోలు దిగడానికి వస్తున్నారు. ఆ రోజుల్లో ఆరుగురం ఒక గదిలో కంపు కొడుతూ బతికినా, పక్కవాడి కాలు పగిలితే తెలిసేది. ఇప్పుడు సత్వాలో నా గది శుభ్రంగా ఉంది, పై మంచం మీదివాడి ఊరు ఏదో నాకు తెలియదు. బాగుపడ్డానని మా ఊళ్ళో అంటారు.

ఆ హైదరాబాద్ కుటుంబాన్ని దింపిన మర్నాడు మధ్యాహ్నం, వ్యానులో కూర్చుని లింగన్నకి వీడియో కాల్ చేశాను. పండగలకి చేస్తూనే ఉండేవాణ్ణి, ఎప్పుడూ అసలు మాట దాకా వెళ్ళలేదు. ఆయన భార్య రాజవ్వ ఎత్తింది. “ఏం జెప్పాలె బిడ్డా, మనిషి మంచిగనే ఉన్నడు. దుబాయ్ కెంచి అచ్చినప్పటి సంది పొలంల అడుగు పెట్టడు. ఒరం మీద, గట్టు మీద నడువుమంటే భయపడ్తడు. సొంత ఆకిట్ల గూడ నా చెయ్యి పట్టుకోవాలె” అంది. డాక్టర్లు కాళ్ళకి ఏ రోగమూ లేదన్నారట. ఫోను ఆయనకి ఇచ్చింది. మంచం మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం నెరిసింది, నన్ను చూడగానే మొహమంతా నవ్వయింది.

ఇంక ఆపుకోలేకపోయాను. “అన్నా, నేను జెప్పేది పూర్తిగా ఇను. ఆ రోజు నువ్వు జెండాలు సరిగ్గానే పాతినావు. చుట్టూ తిరిగే పాతినావు. సాబ్ అడిగితే, గట్టిగా ఉండాదని చెప్పింది నేను. వాటిని పీకి తెల్లదాని మీద పాతింది నేను. నీ కాళ్ళు మోసం చెయ్యలా అన్నా. నేను జేసినా” అన్నాను.

ఆయన మెల్లిగా నవ్వాడు. భార్య వైపు తిరిగి, “ఇన్నవా రాజవ్వా? తప్పు తనదట. నా మనసు కుదుట పడాలని అబద్ధం ఆడుతుండు పిలగాడు” అన్నాడు.

“సల్లగుండాలె. గసొంటి మనసు ఎవనికున్నది?” అంది ఆమె.

“మా అవ్వ మీద ఒట్టు అన్నా! నిజం!” అని అరిచాను.

“ఒట్లు పెట్టుకోకు తమ్మీ. జెండాలు నేనే పాతిన, ముడి పట్టి సూసిన గదా. అయినా నువ్వు ఉప్పు కయ్యల్ల పుట్టినోనివి. మీ తాతల సంది ఉప్పు తొక్కినోళ్ళు. ఉప్పు కాడ నువ్వెట్ల తప్పు జేస్తవ్?” అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే, “ఉండు, జెర బయటికి పోయస్త” అని ఫోను మంచం మీద పెట్టేశాడు.

కట్ చెయ్యడం మరిచిపోయాడు. నాకు ఇంటి కప్పు ఒక్కటే కనిపిస్తోంది. మంచం కిర్రుమంది. ఆయన లేచి నిలబడబోతున్నట్టుంది, కానీ అడుగు చప్పుడు రాలేదు. కాసేపటికి రాజవ్వ గొంతు, చిన్నపిల్లవాడికి చెబుతున్నట్టు మెల్లగా వినిపించింది.

“గచ్చేనయ్యా. మనింటి గచ్చే. కాలు పెట్టు.”